నడుములోతు నీళ్ళు

ఆ ఆదివారం కాలువలో నీళ్ళు తగ్గుతాయని నాకు పది రోజుల ముందే తెలుసు. తెలిసీ చెప్పలేకపోయాను. ఆ రోజు జరిగినవాటిలో నా తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే. మిగతావన్నీ ఇతరుల తప్పులు. వాటిని నేనింకా క్షమించలేదు, క్షమించాలనీ లేదు.

మా నాన్న సాగర్ కాలువ మీద లస్కరు. షట్టర్లు ఎత్తడం, దించడం, గండ్లు పడకుండా గట్టు వెంట తిరిగి చూడడం, రోజూ రెండుపూటలా గేజీ రాయి మీద నీటిమట్టం చూసి రిజిస్టరులో ఎక్కించడం ఆయన పని. ఆయన చూసి చెబితే రాసేది నేను. మా క్వార్టరు గట్టు మీదే ఉండేది. నర్సరావుపేట కాలేజీకి బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. రబీలో నీళ్ళు చాలనప్పుడు వంతులు పెట్టేవాళ్ళు. నాలుగు రోజులు మా కాలువకు వదిలితే నాలుగు రోజులు పై ఊళ్ళ కాలువకు. సెక్షన్ ఆఫీసు నుంచి వంతుల కాగితం రాగానే దానికి నకళ్ళు రాసి, తూముల దగ్గర అంటించడానికి నాన్నకు ఇచ్చేదాన్ని. ఏ తారీఖు ఎవరి వంతో చుట్టుపక్కల రైతులందరికీ తెలిసేది నా చేతిరాతలోనే.

ఆ ఏడాది నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఆ తర్వాత వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణకు వెళ్ళాలని నా కోరిక. దరఖాస్తుతో పాటు తాలూకా స్థాయిలోనైనా ఏదో ఒక పోటీ పూర్తి చేసినట్టు సర్టిఫికెట్ జతపరచాలి. మా కాలేజీలో ఆడపిల్లల పోటీలంటే ముగ్గులు, కుర్చీలాట, చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని నడవడం. వాటికి ఇచ్చే కాగితాలు పనికిరావని దరఖాస్తు వెనకే అచ్చువేసి ఉంది.

"నలుగురిలో నోరు పెగలదు, నీకు టీచరు పని ఏందే?" అనేది అమ్మ.

"ఈల నోట్లో పెట్టుకుంటే మాట్లాడక్కర్లేదు కదమ్మా" అన్నాను ఒకసారి. అమ్మ నవ్వలేదు.

నాకు ఈత ఏడో ఏట వచ్చింది. కాలువ పక్కన బతికేవాళ్ళకు రాకపోతే ఎట్లాగని నాన్న నడుముకు మునగబెండ్లు కట్టి నీళ్ళలో దించాడు. సైకిలు గట్టు మీద నేర్చుకున్నాను, ఆయన సైకిలు మీదే. ఈ రెండూ చేసేటప్పుడు ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. పుస్తకం చదువుకుంటున్నప్పటిలాగే ఉండేది. అందుకే ఇష్టం.

మా కాలేజీ వ్యాయామ అధ్యాపకుణ్ణి అందరూ పీడీ గారు అనేవాళ్ళు. విదేశాల్లో ఈత, సైకిలు, పరుగు మూడూ మధ్యలో ఆగకుండా ఒకదాని వెంట ఒకటి చేసే పోటీ ఉందని ఆయన ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివాడు. ఊళ్ళో యువజన క్లబ్బును ఒప్పించి తాలూకా స్థాయిలో అలాంటిదే పెట్టించాడు. కాలువలో ముప్పావు కిలోమీటరు ఈత, మాచర్ల రోడ్డు మీద పోనూ రానూ ఇరవై కిలోమీటర్ల సైకిలు, గట్టు వెంట ఐదు కిలోమీటర్ల పరుగు. రెండున్నర గంటల్లో పూర్తి చేసిన అందరికీ సర్టిఫికెట్.

నేను పేరు ఇవ్వడానికి వెళితే ఆయన నిబంధనల కాగితం రెండుసార్లు పైనుంచి కిందికి చదివాడు. తర్వాత పక్కనున్న లెక్కల మాస్టారితో, "మగవాళ్ళకు మాత్రమే అని వేయడం మర్చిపోయామండీ. ఇప్పుడు కాదనడానికి లేదు" అన్నాడు. నాతో ఏమీ అనలేదు. పేరు మాత్రం రాసుకున్నాడు, అన్నిటికంటే కింద, ఒక గీత గీసి ఆ గీత కింద.

తప్పు ఎక్కడ జరిగిందంటే, ఆయన కాలువ లోతు చూడడానికి మా వంతు రోజున వచ్చాడు. వెదురుగడ దింపి చూస్తే మెడలోతు వచ్చింది. చానా బాగుందనుకుని, సెలవు రోజని ఆదివారానికి పోటీ ఖాయం చేశాడు. కాలువకు ఆదివారాలు ఉండవు. ఆ ఆదివారం పై ఊళ్ళ వంతు.

చెబుదామని స్టాఫ్ రూముకు రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి అందరూ టీ తాగుతున్నారు, గుమ్మం దగ్గరనుంచే వెనక్కి వచ్చాను. రెండోసారి ఆయన ఒక్కడే ఉన్నాడు. తల ఎత్తి చూసి, "ఏం, పేరు వెనక్కి తీసుకోడానికి వచ్చావా?" అన్నాడు. ఆ మాటలో ఎంత ఆశ ఉందో నాకు వినిపించింది. "లేదండీ" అని వచ్చేశాను. నాన్నతో అంటే, "వాళ్ళు కనుక్కోరా ఏంది, చదువుకున్నోళ్ళు" అన్నాడు. రైతులూ అదే అనుకున్నారని తర్వాత తెలిసింది.

పోటీ నాటి పొద్దున గేజీ రాయి చూసి రిజిస్టరులో రాసింది నేనే. మామూలుగా ఉండేదానిలో సగానికి తక్కువ.

ఆరున్నరకు రెండు గట్ల మీదా జనం. మిరప కోతలకు వెళ్ళాల్సిన కూలీలు కూడా ఆగి చూస్తున్నారు. బరిలో ఇరవై ఇద్దరు మగవాళ్ళు, నేను. నా వంటి మీద మందపాటి నల్లరంగు నూలు పైజామా, మోకాళ్ళ కిందిదాకా లాల్చీ. అమ్మే కుట్టింది. కుడుతున్నంతసేపూ తిట్టింది, కానీ కుట్టింది. ఒక షరతు పెట్టింది. ఈత ఆఖరున వంతెన దగ్గర తను దుప్పటి పట్టుకుని నిలబడుతుంది. ఆ దుప్పటి చుట్టుకునేదాకా నేను నీళ్ళలోంచి లేవకూడదు. "తడిగుడ్డలతో వాళ్ళందరి ముందూ నిలబడ్డావంటే మళ్ళీ ఇంట్లోకి రావద్దు" అంది.

పీడీ గారు గట్టు దిగి కాలువలోకి చూశాడు. తర్వాత మా నాన్న దగ్గరికి వచ్చాడు.

"ఏమయ్యా లస్కరూ, నీళ్ళేవి?"

"వంతు మాది కాదండీ. నిన్న సాయంత్రమే దించాం."

"ఒక్క గంట షట్టర్ ఎత్తు. ఒక్క గంటే."

పై ఊరి రైతులు ఐదారుగురు షట్టర్ దగ్గరే చేతికర్రలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఏ వంతులో అయినా అలాగే కూర్చుంటారు. నాన్న వాళ్ళ వైపు చూపించాడు.

"ఎత్తితే రేపు నా ఉద్యోగం పోద్దండీ. ఇయ్యాలే నా తల పోద్ది."

వాళ్ళలో ఒక పెద్దాయన చుట్ట తీసి, "ఇయ్యాల వంతు మాదని ఈ కాలవకింద పసిపిల్లకి కూడా తెలుసు గదయ్యా" అన్నాడు.

"మరి నాకెవరూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగితే గదా."

జనం నవ్వారు. పీడీ గారి ముఖం ఎర్రబడింది. అందరూ వచ్చేశారు, మైకు పెట్టేశారు, ఇక ఆపడం ఆయన వల్ల కాదు. నీళ్ళు తక్కువైనా పోటీ జరుగుతుందని మైకులో చెప్పి, నిబంధనలు చదివాడు. అందులో మొదటిది నాకు ఇప్పటికీ గుర్తుంది. అభ్యర్థి ముప్పావు కిలోమీటరు దూరం ఈది వంతెన చేరవలెను. ఈది అని స్పష్టంగా చదివాడు.

ఈల వేశాడు. దిగాం. నీళ్ళు మగవాళ్ళకు నడుముదాకా వచ్చాయి. పది బారలు వేసేసరికి ముందు ఒకడు లేచి నిలబడ్డాడు. వాడు ఊళ్ళో పొగాకు వ్యాపారి కొడుకు, మా కాలేజీలోనే చదివేవాడు. నిలబడి, వెనక్కి చూసి నవ్వి, నడవడం మొదలుపెట్టాడు. ఇంకొంచెం దూరం పోయాక ఏటవాలుగా ఉండే రాతి కట్టుబడి మీదికి జరిగి, మోకాటిలోతులో పరుగెత్తాడు. అతన్ని చూసి మిగతావాళ్ళు. నిమిషంలో ఇరవై ఇద్దరూ నడుస్తున్నారు.

నేను లేవలేను. దుప్పటి వంతెన దగ్గర ఉంది. నేను ఈదింది నియమం కోసం అని తర్వాత కొందరు అన్నారు. మొదట సిగ్గు కోసం. నిజం రాయాలంటే అంతే. కానీ సగం దూరం వచ్చాక మాత్రం నాకు కోపం వచ్చింది, అక్కడినుంచి కోపంతో ఈదాను.

పూడిక మేట వేసిన చోట్ల నీళ్ళు మోకాటిలోతే, అక్కడ నా మోకాళ్ళు అడుగున రాళ్ళకు రాసుకుంటున్నాయి. ముందు నడిచేవాళ్ళ కాళ్ళకింద లేచిన బురద నోట్లోకి వస్తోంది. ముగ్గురు పక్కపక్కన నడుస్తూ కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను వెనకే వస్తున్నానని తెలిసి కూడా తప్పుకోలేదు. ఎడమవైపు వెళితే ఎడమకు, కుడివైపు వెళితే కుడికి జరిగారు. ఒకడి మడమ నా నుదుటికి తగిలింది. సారీ అనలేదు. గట్టు మీదినుంచి ఒక గొంతు, "ఏమే మొసలిపిల్లా, లేచి నడవ్వే, మోకాళ్ళకి నొప్పిగాదా" అంది. దానికి అందరూ నవ్వారు. నాకు పుస్తకాల్లో చదివిన మాటలు చాలా వచ్చు, ఆ క్షణాన ఒక్కటీ గుర్తు రాలేదు. నోట్లో బురద ఉంది గనక గుర్తొచ్చినా లాభం లేదు.

వంతెన కింద అమ్మ నీళ్ళలోకి మోకాలిదాకా దిగి దుప్పటి విప్పి పట్టుకుంది. నేను ఆఖరిదాన్ని. దుప్పటి చుట్టి, నా మోకాళ్ళు చూసి, "ఇంక చాలు, ఇంటికి రా" అంది. నేను నాన్న చొక్కా పైన తొడుక్కుని సైకిలెక్కాను. అమ్మ ఏదో తిడుతూనే ఉంది. ఈసారి తిడుతున్నది నన్నో గట్టు మీదివాళ్ళనో తెలియలేదు.

సైకిలు మీద నేను బాగానే వెళ్ళాను. వెళ్ళేటప్పుడే ఇద్దర్ని దాటాను. మూడోవాడు దాటనివ్వలేదు. నా ముందు పాములా అటూ ఇటూ తిప్పుతూ, "ఆడదాని ఎనకాల రమ్మంటావా నన్ను" అన్నాడు. ఊరికే అనలేదు, సీరియస్‌గా అడిగాడు, నేను ఒప్పుకుంటానేమో అన్నట్టు. ఎదురుగా బస్సు వచ్చినప్పుడు నన్ను తారు అంచు దించేశాడు. కంకరలో పడ్డాను. హ్యాండిలు వంకరైంది. ముందు చక్రం మోకాళ్ళ మధ్య పట్టుకుని హ్యాండిలు తిప్పి సరిచేశాను. మోకాళ్ళు అప్పటికే గీరుకుపోయి ఉన్నాయి. రోడ్డు పక్క చేలో మిరపకాయలు కోస్తున్న ఒకామె లేచి నిలబడి చూసింది. సాయానికి వస్తుందేమో అనుకున్నాను.

"ఎవురి పిల్లవే నువ్వు? మగోళ్ళ ఎంబడి ఏంది ఆ పరుగు?" అంది. మళ్ళీ వంగి కోసుకోవడం మొదలుపెట్టింది.

పరుగు గురించి రాయడానికి ఎక్కువ లేదు. ఎండెక్కింది. చెప్పులు లేకుండా పరుగెత్తాను. పక్కటెముకల కింద పోటు వస్తే నడిచాను, తగ్గాక మళ్ళీ పరుగెత్తాను. ముగింపు గీత దగ్గరికి వచ్చేసరికి జనం పల్చబడ్డారు, బల్ల మీది కాగితాలు సర్దుతున్నారు. గడియారం చూసే బాధ్యత ఒక బ్యాంకు గుమస్తాకు ఇచ్చారు. అతను చూసి, "రెండు గంటల ఇరవై రెండు నిమిషాలు" అని అందరికీ వినిపించేలా చెప్పి రాసుకున్నాడు. ఎనిమిది నిమిషాలు మిగిలి ఉన్నాయి. ఆ రోజు నాకు మంచి చేసిన మనిషి ఆయనొక్కడే. అది కూడా మంచి చేయాలని చేయలేదు, సమయం అంతే కాబట్టి చెప్పాడు.

సర్టిఫికెట్ వచ్చినట్టే అనుకున్నాను. దుమ్ములో కూర్చుని, ఏడవకుండా ఉండడానికి కాళ్ళ వేళ్ళు లెక్కపెట్టాను.

అప్పుడు రగడ మొదలైంది. పొగాకు వ్యాపారి కొడుకు మొదట వచ్చాడు. రెండోవాడు ఒక వకీలు తమ్ముడు. మొదటివాడు ఈదలేదు కాబట్టి గెలుపు చెల్లదని ఇతను ఫిర్యాదు రాసిచ్చాడు.

"నువ్వు మాత్రం ఈదావా?" అన్నాడు మొదటివాడు.

"నీ తర్వాత లేచా. నువ్వు లేవకపోతే నేనూ లేచేవాణ్ణి కాదు."

"నీళ్ళు లేకపోతే ఎట్టా ఈదుతారయ్యా?"

"ఆ పిల్ల ఈదింది గదా" అన్నాడు వకీలు తమ్ముడు నా వైపు వేలు చూపించి. "మా అన్న చూశాడు, జనమంతా చూశారు. రుజువు అక్కడ కూర్చుని ఉంది."

అందరూ నా వైపు తిరిగారు. నేను చొక్కా అంచులు దగ్గరికి లాక్కున్నాను. నన్ను మెచ్చుకోవడానికి ఎవరూ తిరగలేదు. కోర్టులో సాక్ష్యంగా పెట్టిన వస్తువును చూసినట్టు చూశారు. పీడీ గారు అప్పుడే లెక్క వేసుకుని ఉంటాడు. ఫిర్యాదు ఒప్పుకుంటే ఇరవై ఇద్దరి ఫలితాలూ పోతాయి, గీత కింద రాసిన పేరు ఒక్కటే మిగులుతుంది. ఫలితాలు రేపు చెబుతామని మైకులో అన్నాడు.

మర్నాడు నన్ను స్టాఫ్ రూముకు పిలిపించాడు. జీవితంలో మొదటిసారి కుర్చీ చూపించాడు. బల్ల మీద రెండు కాగితాలు. ఒకటి సర్టిఫికెట్, నా పేరు అందంగా రాసి ఉంది, ముద్ర కూడా వేసి ఉంది. రెండోది నేను సంతకం చేయాల్సింది. కాలువలో నీరు చాలనందున, నాతో సహా అభ్యర్థులందరూ నడిచియే వంతెన చేరినారని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను. అంతే, రెండు లైన్లు.

"చదివావుగా. పెట్టు."

నేను మళ్ళీ చదివాను. తెలుగులో తప్పులు లేవు.

"నేను నడవలేదండీ."

"తెలుసమ్మా. అది పెద్ద విషయమా? నువ్వు ఈదావని రాస్తే వాళ్ళందరూ పోతారు. పోటీయే చెల్లదు. పోటీయే లేకపోతే నీకు సర్టిఫికెట్ ఎక్కడిది? ఆలోచించు. నీకోసమే చెబుతున్నా."

"నేను నడవలేదండీ."

"అయినా నీ మోకాళ్ళు నేలకు తగిలాయిగా? నేలకు తగిలితే నడిచినట్టే లెక్క."

దానికి నా దగ్గర జవాబు ఉంది. తగిలాయి, చర్మం పోయింది, ఇంకా కారుతోంది, నడిచినవాళ్ళలో ఒక్కడికైనా మోకాలు గీరుకుందేమో చూడండి అని. అదంతా నాలో నేను అనుకున్నాను. బయటికి వచ్చింది మాత్రం మళ్ళీ అదే.

"నేను నడవలేదండీ."

"మీ నాన్నకు చెబుతా."

"చెప్పండి."

నేను అలా అన్నందుకు ఆయన కంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను. ఆయన కలం మూత పెట్టాడు. సర్టిఫికెట్ తీసి సొరుగులో పెట్టి, సొరుగు మూసి, "పొగరు. ఇంత కనపడకుండా ఉంటావు గాని, చానా పొగరు నీకు" అన్నాడు. నేను లేచి వచ్చేశాను. బస్టాండుదాకా నడిచి, ఎక్కాల్సిన బస్సు కాక వేరే బస్సు ఎక్కి, మధ్యలో దిగి మళ్ళీ మా గట్టుకు వచ్చాను.

రెండు రోజుల తర్వాత నోటీసు బోర్డులో పెట్టారు. నీటి ఇబ్బందుల దృష్ట్యా ఈత భాగాన్ని పరిగణించడం లేదు. సైకిలు, పరుగు మాత్రమే లెక్కించి ఫలితాలు ప్రకటించడమైనది. పొగాకు వ్యాపారి కొడుకు మొదటివాడు. కింద పూర్తి చేసినవాళ్ళ జాబితా, ఇరవై రెండు పేర్లు. నా పేరు లేదు. ఒక్కసారి కాదు, చాలాసార్లు వెతికాను. ఎవరూ లేనప్పుడు వెళ్ళి కూడా వెతికాను.

నాన్నకు చెప్పాను. ఆయన షట్టర్ మరకు గ్రీజు రాస్తున్నాడు. రాయడం ఆపలేదు.

"సంతకం పెట్టి ఉంటే ఇచ్చేవాడా?"

"ముద్ర కూడా వేసి పెట్టాడు."

"మీ అమ్మకి ఈ సంగతి చెప్పమాక. పెట్టాల్సింది అంటది" అన్నాడు. ఆయన ఏమనుకున్నాడో చెప్పలేదు. నేను అడగలేదు.

దరఖాస్తు గడువులోపే పంపాను. పోటీల వివరాలు అన్న చోట ఈత, సైకిలు, పరుగు, దూరాలు, పట్టిన సమయం రాశాను. జతపరిచిన పత్రాలు అన్న చోట ఏమీ రాయలేదు. మూడు వారాలకు అది తిరిగి వచ్చింది. ఆధారం జతపరచనందున పరిశీలించలేదని పైన ఎర్ర సిరాతో రాసి ఉంది. వాళ్ళను నేనేమీ అనను. వాళ్ళు చేసింది సరైనదే.

సంతకం పెట్టనందుకు బాధ లేదని రాయాలని ఈ పేజీ మొదలుపెట్టినప్పుడు అనుకున్నాను. అది అబద్ధం. బాధ ఉంది. పెట్టి ఉంటే ఇప్పుడు ఏదో స్కూలు మైదానంలో పిల్లలతో వరస కట్టిస్తూ ఉండేదాన్ని. ఇప్పుడు మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో సెలవులో ఉన్న టీచరు బదులు ఎక్కాలు చెబుతున్నాను, మాట్లాడక తప్పని పని. కాలువలో ఇప్పటికీ ఈదుతాను, మా వంతు రోజుల్లో, పొద్దున్నే.

మొన్న ఒక పెళ్ళిలో పీడీ గారు కనిపించాడు. రిటైరు కావడానికి దగ్గరగా ఉన్నాడట, జుట్టు తెల్లబడింది. భోజనాల దగ్గర మా అమ్మతో నవ్వుతూ, "మీ అమ్మాయి అప్పుడు ఒక్క సంతకం పెట్టి ఉంటే ఈపాటికి గవర్నమెంటు టీచరమ్మండీ" అన్నాడు. అమ్మకు అప్పుడే తెలిసింది. నా వైపు చూసింది. ఆయనా చూశాడు, ఏదైనా అంటానేమోనని. నేను తల దించుకుని అన్నం కలుపుకున్నాను. ఇంకా బిడియం పోలేదని అనుకుని ఉంటాడు. అనుకోనీ. ఆయనతో మాట్లాడడం నాకు ఇష్టం లేదు.